మాస్కు వెనక మాట వినిపించాలంటే

(అగ్నిమాపక సేవా వారోత్సవాల సందర్భంగా ఫైర్ సిబ్బంది, ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ పేలిపోయింది. ఆ మంటలు ఆర్పడానికి వెళ్ళిన 66 మంది ఫైర్ సిబ్బంది తిరిగి రాలేదు. మనం ఏటా ఈ వారం జరుపుకునేది వాళ్ళ పేరు మీదే. అందుకే ఈ సభకు పిలిచినప్పుడు మంటల్లోకి వెళ్ళే మనిషికి నేరుగా పనికొచ్చే విషయం ఒక్కటైనా చెప్పాలనుకున్నాను.

నేను ఫైర్ సర్వీసులో పనిచేసినవాణ్ణి కాను. మనిషి గొంతును అంకెలుగా మార్చి రేడియో మీద పంపించే పనిలో ఉన్న ఇంజనీరుని. బీఏ సెట్ వేసుకుని లోపలికి వెళ్ళిన మనిషి వాకీటాకీలో మాట్లాడితే బయట ఉన్నవాళ్ళకు ఎందుకు అర్థం కాదు? ఈరోజు నా మాటంతా దాని గురించే. ఒక విషయం ముందే చెప్పేస్తాను. మాస్కు వేసుకుని, పక్కన అలారం మోగుతుండగా మాట్లాడించి, అవతల ఏం వినబడిందో రాయించి చూడకుండా ఏ ఫైర్ స్టేషన్‌కీ రేడియో కొనకూడదు. ఎందుకంటున్నానో వినండి.

ఇక్కడ విద్యార్థులు చాలామంది ఉన్నారు కాబట్టి బీఏ సెట్ గురించి రెండు మాటలు. బీఏ అంటే బ్రీతింగ్ ఆపరేటస్. వీపు మీద గాలి సిలిండరు, ముఖానికి బిగించిన మాస్కు. మామూలుగా వాడే 6.8 లీటర్ల సిలిండరులో గాలిని 300 బార్ పీడనంతో నింపుతారు. అంటే సుమారు రెండు వేల లీటర్ల గాలి. కాగితం మీద అది 45 నిమిషాలు రావాలి. బరువు మోస్తూ, మెట్లెక్కుతూ, టెన్షన్‌లో ఊపిరి పీల్చే మనిషికి అంత సేపు రాదు. గాలి తగ్గిపోతే విజిల్ మోగుతుంది. యూరప్ ప్రమాణంలో అది 55 బార్ దగ్గర మోగాలి. అమెరికా ప్రమాణంలో ఒకప్పుడు నాలుగో వంతు మిగిలినప్పుడు మోగేది. 2013 నుంచి మూడో వంతు మిగిలి ఉండగానే మోగాలని మార్చారు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక మాట సంగతి. మాస్కులో నోరు ఒక చిన్న మూసిన గదిలో ఉన్నట్టు ఉంటుంది. ముందు గట్టి ప్లాస్టిక్ అద్దం, లోపల ముక్కూ నోరూ కప్పే రబ్బరు కప్పు. మాట బయటికి వెళ్ళాలంటే స్పీచ్ డయాఫ్రం అనే పల్చటి బిళ్ళ గుండానే వెళ్ళాలి. ఈ దారిలో కింది శ్రుతి శబ్దాలు బాగానే దాటుతాయి, పై శ్రుతి శబ్దాలు చచ్చిపోతాయి. మన మాటలో బలం ఉండేది అచ్చుల్లో. ఆ, ఊ, ఏ అనేటప్పుడు గొంతు గట్టిగా మోగుతుంది. కానీ ఏ మాట అన్నామో తెలిసేది చాలావరకు హల్లుల వల్ల. స, శ, ఫ, ట లాంటి హల్లుల బలమంతా పై శబ్దాల్లో ఉంటుంది. మాస్కు ముందు మింగేసేది వాటినే.

ఉదాహరణకు 'మూడో అంతస్తు', 'ఏడో అంతస్తు'. రెండింటికీ చివర ఒకటే. తేడా అంతా మొదటి అక్షరంలో ఉంది. ముందున్న 'మ' సన్నగా పలుకుతుంది కాబట్టి చప్పుట్లో పోతుంది. మిగిలిన 'ఊ'కీ 'ఏ'కీ తేడా తెలియాలంటే సుమారు రెండు వేల హెర్ట్జ్ దగ్గర ఉండే శబ్దం చెవికి అందాలి. అది అందకపోతే వినేవాడు ఊహించుకోవలసిందే. ఫైర్ వాళ్ళు ఎక్కువగా 'ఫిఫ్త్ ఫ్లోర్', 'సిక్స్త్ ఫ్లోర్' అంటారు, తెలుగు అంకెలు ఎక్కడ వాడతారు అని మీరు అడగొచ్చు. అది ఇంకా ప్రమాదం. 'ఫిఫ్త్', 'సిక్స్త్' రెండింట్లోనూ ఉన్న అచ్చు ఒక్క 'ఇ' మాత్రమే. తేడా మొత్తం ఫ, స, క్స్ లలో ఉంది. మాస్కు సరిగ్గా వాటినే తీసేస్తుంది. ఒక అంతస్తు తేడా వస్తే పైన ఉన్న మనిషికి ఎంత నష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అర్థం కావడం లేదనగానే మనిషి అరుస్తాడు. అరిస్తే అచ్చులు పెరుగుతాయి, హల్లులు అంతగా పెరగవు. పైగా మైకు తట్టుకోగల హద్దు దాటి గొంతు చీలిపోతుంది. నిదానంగా, గట్టిగా, ముక్కలు ముక్కలుగా పలికితే వచ్చే స్పష్టత అరుపులో రాదు. అయితే మంటల్లో ఉన్న మనిషిని నిదానంగా మాట్లాడమని చెప్పడం తేలిక, ఆ మనిషి అలా మాట్లాడటం కష్టం. అందుకే అది శిక్షణలో అలవాటు కావాలి.

దీనికి తోడు ఊపిరి చప్పుడు. గాలి లోపలికి పీల్చిన ప్రతిసారీ వాల్వు తెరుచుకుని బుస్సుమంటుంది. మాట్లాడుతూ పీలిస్తే ఆ చప్పుడే రేడియోలో ముందు వెళుతుంది. గాలి తక్కువైన విజిల్ మనిషి ఛాతీ దగ్గరో చెవి పక్కనో మోగుతుంది. ఇంకొకటి పాస్ అలారం. మనిషి అరనిమిషం పాటు కదలకపోతే తనంతట తానే మోగే పరికరం అది. పొగలో పడిపోయిన మనిషిని వెతకడానికి పెట్టింది కాబట్టి గట్టిగానే మోగాలి. 95 డెసిబెల్స్‌కు తగ్గకూడదని అమెరికా ప్రమాణం. ఆ పరికరం ఎందరినో కాపాడింది, దాన్ని తప్పుపట్టను. కానీ పడిపోయిన మనిషి స్పృహలో ఉండి, 'నేను ఫలానా చోట ఉన్నాను' అని చెప్పాలనుకున్న ఆ క్షణంలోనే, మైకుకు జానెడు దూరంలో ఆ అలారం మోగుతూ ఉంటుంది. ఇందాక గుర్తు పెట్టుకోమన్న విజిల్ కూడా అంతే. గాలి అయిపోతోందని చెప్పాల్సిన సమయానికే అది మోగుతుంది. మనిషి అతి ముఖ్యమైన మాట చెప్పేది అతి ఎక్కువ చప్పుడు ఉన్నప్పుడే. ఈ రంగంలో ఉన్న అసలు చిక్కు ఇదే.

ఇప్పుడు నా రంగానికి వస్తాను. పాత అనలాగ్ వాకీటాకీ మైకులో పడినదంతా పంపించేది. గొంతూ, అలారమూ, రంపపు మోతా అన్నీ కలిసి వెళ్ళేవి. అవతలివాడి చెవి వాటిలోంచి మాటను ఏరుకునేది. ఏరుకోవడంలో మనిషి చెవిని మించిన యంత్రం ఇంకా రాలేదని నా నమ్మకం.

డిజిటల్ రేడియో అలా పనిచేయదు. మామూలు ల్యాండ్‌లైన్ ఫోను వ్యవస్థలో గొంతు కోసం సెకనుకు 64 వేల బిట్లు వాడతారు. ఫైర్, పోలీసు విభాగాల కోసం అమెరికాలో వచ్చిన ప్రాజెక్ట్ 25 అనే డిజిటల్ రేడియో ప్రమాణంలో మొదటి దశలో గొంతుకు దక్కినవి సెకనుకు 4,400 బిట్లు. తప్పులు సరిదిద్దే బిట్లు వేరు, అవి కలిపితే 7,200. అంత తక్కువలో గొంతును ఉన్నదున్నట్టు పంపడం కుదరదు. అందుకని వోకోడర్ అనే ప్రోగ్రాం గొంతు పోలికలు మాత్రమే పంపుతుంది. తప్పిపోయిన మనిషి పోలికలు ఫోనులో చెబుతుంటే అవతల కూర్చున్న చిత్రకారుడు బొమ్మ గీసినట్టు అనుకోండి. సెకనులో యాభైసార్లు, అంటే ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి, 88 బిట్లలో ఈ పోలికలు వెళతాయి. గొంతు శ్రుతి ఎంత, ఏ పౌనఃపున్యం దగ్గర బలం ఎంత, ఎక్కడ గొంతు మోగుతోంది, ఎక్కడ ఉత్త గాలి చప్పుడు. అంతే.

ఇందులో ఒక ముందస్తు ఊహ ఉంది. మైకు ముందు ఒకే మనిషి గొంతు ఉంది, దానికి ఒకే శ్రుతి ఉంది అనే ఊహ. ఆఫీసు గదిలో అది నిజమే. పాస్ అలారం పక్కన అది అబద్ధం. అలారానికీ ఒక శ్రుతి ఉంది, గొంతుకూ ఉంది. ప్రోగ్రాం రెంట్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. గట్టిగా ఉన్నది అలారం కాబట్టి దాన్నే ఎంచుకుంటుంది. అవతల వినబడేది మాటా కాదు, అలారమూ కాదు, రెండూ కలిసిన ఒక వింత కూత. అందులోంచి మాటను ఏరుకోవడం ఏ చెవికీ సాధ్యం కాదు. మాట అప్పటికే పోయింది. దాన్ని ఇంకా గట్టిగా వినిపించినా, ఇంకా పెద్ద స్పీకరు పెట్టినా లాభం లేదు.

దీన్ని అమెరికా ఫైర్ చీఫ్‌ల సంఘం గట్టిగా పట్టించుకుంది. కొలరాడోలోని బౌల్డర్‌లో ఉన్న అమెరికా ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ 2008లో దీని మీద పరీక్షల నివేదిక విడుదల చేసింది. ఆ పరీక్ష పద్ధతి నాకు చాలా ఇష్టం. మీటర్లు పెట్టి కొలవలేదు. మాస్కు ఉండగా, లేకుండా, పాస్ అలారం పక్కన, రంపపు మోతలో, ఇలా నిజమైన ఫైర్ చప్పుళ్ళలో మాట్లాడించిన పదాలను అనలాగ్ రేడియో గుండా, డిజిటల్ రేడియో గుండా పంపారు. వినేవాళ్ళకు ప్రాసతో ఉన్న ఆరు పదాలు చూపించి, విన్నది ఏదో గుర్తించమన్నారు. చప్పుడు లేనిచోట రెండు రకాల రేడియోలూ బాగానే పనిచేశాయి. మాస్కూ పెద్ద చప్పుడూ కలిసిన చోట డిజిటల్ బాగా వెనకబడింది. అనలాగ్‌కూ అక్కడ ఇబ్బంది లేదని కాదు, కానీ అందులో మిగిలేది ఇందులో మిగల్లేదు.

ఆ తర్వాత కంపెనీలు ఊరుకోలేదు. వోకోడర్లు మెరుగయ్యాయి. రెండు మైకులు పెట్టి ఒకదానితో చప్పుణ్ణి కొలిచి రెండోదాంట్లోంచి తీసేసే పద్ధతి వచ్చింది. నేడు కొనే మంచి డిజిటల్ సెట్ 2008 నాటి సెట్ కాదు. డిజిటల్ వద్దని నేను చెప్పడం లేదు. ఆ మెరుగుదల ఈ మాస్కుతో, ఈ విజిల్‌తో పనిచేస్తుందో లేదో మీ చెవితో మీరు చూసుకోవాలి అంటున్నాను. డిజిటల్‌కు ఇంకో గుణం కూడా ఉంది. సిగ్నల్ తగ్గుతుంటే అనలాగ్‌లో గరగర పెరుగుతుంది, వినేవాడికి ముందే తెలుస్తుంది. డిజిటల్‌లో చివరిదాకా శుభ్రంగా వినబడి, ఒక్కసారిగా తెగిపోతుంది. లోపలికి నడుస్తున్న మనిషికి హెచ్చరిక ఉండదు.

(సభలో ఒకరు: "అంటే పాత సెట్లే మేలా సార్?")

అలా అనలేమండీ. పాత సెట్లతోనే జరిగిన ఒక ఘటన చెబుతాను. 1988 జూలై 1న న్యూజెర్సీ రాష్ట్రంలోని హాకెన్‌సాక్ పట్టణంలో ఒక ఫోర్డ్ కార్ల షోరూం తగలబడింది. పైకప్పు విల్లులా వంగిన కలప దూలాల మీద ఉంది. సిబ్బందిని వెనక్కి రమ్మని రేడియోలో ఆదేశం వెళ్ళింది. లోపలి నుంచి జవాబు రాలేదు. కాసేపటికి కప్పు కూలింది. ముగ్గురు అక్కడే చనిపోయారు. ఇద్దరు పక్కనున్న పనిముట్ల గదిలోకి వెళ్ళి చిక్కుకుపోయారు, అక్కడి నుంచి రేడియోలో సాయం అడుగుతూనే ఉన్నారు. ఆ మాటలను ఇళ్ళలో స్కానర్ రేడియోలు పెట్టుకున్న మామూలు జనం విన్నారు. ఘటనా స్థలంలో ఉన్నవాళ్ళు పట్టుకోలేకపోయారు. గాలి అయిపోయి ఆ ఇద్దరూ కూడా చనిపోయారు. కంట్రోల్ రూమ్ మాటలూ, ఘటనా స్థలం మాటలూ ఒకే చానల్ మీద నడుస్తున్నాయి. కమాండర్ ఇంజన్ల మోత మధ్య నిలబడి, ఒక చేత్తో పది పనులు చేస్తూ, ఒక చెవితో వింటున్నాడు. వినడానికి వేరే మనిషి లేడు. ఆ సెట్లలో వోకోడర్ లేదు, అయినా మాట చేరలేదు.

ఈ సంఘటన చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. వాళ్ళ మాట గాల్లోకి వెళ్ళింది. ఊళ్ళో వాళ్ళు విన్నారు. వినాల్సిన చెవి ఒక్కటే వినలేదు.

న్యూయార్క్‌లోనూ కొత్త డిజిటల్ సెట్లను 2001 మార్చిలో ఫైర్ సిబ్బందికి ఇచ్చి, క్వీన్స్‌లో బేస్‌మెంట్‌లో చిక్కుకున్న ఒక ఫైర్‌ఫైటర్ పిలుపు దగ్గర ఉన్నవాళ్ళకు వినబడలేదన్న ఘటన తర్వాత వెంటనే వెనక్కి తీసుకున్నారు. వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్ల మీద దాడి జరిగిన ఆ సెప్టెంబరు 11న వాళ్ళ చేతుల్లో ఉన్నవి పాత అనలాగ్ సెట్లే. ఆ రోజు ఇబ్బందులకు కారణాలు వేరు. అంత ఎత్తైన ఉక్కు భవనాల్లోంచి చిన్న సెట్ల సిగ్నల్ రాకపోవడం, ఒకే చానల్ మీద వందల మంది మాట్లాడటం, సిగ్నల్‌ను అందుకుని బలంగా తిరిగి పంపే రిపీటర్ పనిచేయడం లేదని ఒక టవర్‌లో అనుకోవడం. అది విడిగా చెప్పుకోవలసిన పెద్ద కథ.

లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళ పరిస్థితికి దగ్గరగా ఉన్నది అదే. 2017 జూన్ 14. ఇరవై నాలుగు అంతస్తుల నివాస భవనం, 72 మంది ప్రాణాలు పోయాయి. బీఏ సెట్లు వేసుకుని పైకి వెళ్ళిన బృందాలకూ, కింద అంతస్తులో ఉన్న కమాండ్ పాయింట్‌కూ మధ్య రేడియో చాలాసార్లు కుదరలేదు. కాంక్రీటు గోడలు ఒక కారణం, చానల్ కిక్కిరిసిపోవడం ఇంకో కారణం. ఫలానా ఫ్లాటులో ఇంతమంది చిక్కుకున్నారన్న సమాచారం కంట్రోల్ రూమ్ నుంచి వచ్చాక, దాన్ని కాగితం ముక్కల మీద రాసి, మనుషులు పరుగున మోసుకెళ్ళి అందించారు. పైకి వెళ్ళిన బృందం ఏం చూసిందో చాలాసార్లు వాళ్ళు కిందికి దిగి వచ్చాకే తెలిసింది. అప్పటికి ఆ సమాచారం పాతబడిపోయేది.

ఇంకో సాంకేతిక విషయం. పేలుడు వాయువులు ఉండే చోట నిప్పురవ్వ పుట్టకుండా తయారుచేసే రేడియోలు ఉంటాయి. రవ్వ పుట్టకూడదు కాబట్టి వాటి పవర్ తక్కువగా పెడతారు. కెమికల్ ఫ్యాక్టరీకి అది సరైన నిర్ణయం. అదే సెట్‌ను ఎత్తైన భవనానికి పట్టుకెళితే సిగ్నల్ ఎక్కువ శ్లాబులు దాటదు. ఇవాళ హైదరాబాద్‌లో కోకాపేట వైపు వెళ్ళి చూడండి. యాభై అంతస్తులు దాటిన భవనాలు లేచాయి. కింద బేస్‌మెంట్లు వరసగా ఉంటాయి. బేస్‌మెంట్ పైఅంతస్తుల కన్నా కష్టం, ఎందుకంటే కిటికీలు ఉండవు, సిగ్నల్‌కు దారే ఉండదు. అలాంటి భవనానికి పర్మిషన్ ఇచ్చేటప్పుడే లోపల ఫైర్ రేడియో పనిచేసేలా కేబులో రిపీటరో పెట్టించాలి. పూర్తయ్యాక మాస్కు వేసుకున్న మనిషితో ప్రతి బేస్‌మెంట్‌లో మాట్లాడించి చూడాలి.

వేడి గురించి క్లుప్తంగా. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2006లో రేడియోలను 100, 160, 260 డిగ్రీల వేడిలో పెట్టి చూసింది. వేడి పెరిగేకొద్దీ బయట పెట్టిన సెట్లు మొరాయించాయి. ఫైర్ కోటు జేబులో ఉన్నవి బాగా తట్టుకున్నాయి. కాబట్టి సెట్ జేబులో, మైకు వైరు కోటు లోపలి నుంచి. ఈ అనుభవాలన్నీ కలిపి 2021లో అమెరికా అగ్నిరక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ వాళ్ళు ఎన్‌ఎఫ్‌పీఏ 1802 అని ప్రమాదస్థలాల్లో వాడే రేడియోల కోసమే ఒక ప్రమాణం తెచ్చారు. టెండరు రాసేవాళ్ళు దాన్ని తెరిచి చూస్తే చాలా ఉపయోగం.

ఇప్పుడు సిబ్బంది ఈ రాత్రి నుంచే చేయగలిగినవి. మైకును మాస్కు ముందు గాలిలో ఊపుతూ మాట్లాడవద్దు. స్పీచ్ డయాఫ్రం ఎక్కడుందో చేత్తో తడిమి, మైకును దానికి అంగుళం రెండంగుళాల దూరంలో పెట్టండి. బటన్ నొక్కగానే మాట మొదలుపెట్టవద్దు. డిజిటల్ సెట్ సిద్ధం కావడానికి కొంచెం సమయం పడుతుంది, మొదటి పదం మింగేస్తుంది. ఆ మొదటి పదమే చాలాసార్లు మీ పేరు. నొక్కి, ఒక క్షణం ఆగి, ఊపిరి పీల్చడం అయ్యాక మాట్లాడండి. చప్పుడు చేసే వస్తువుకు వీపు తిప్పండి. ఇద్దరు పక్కపక్కనే ఉంటే ఒకరి సెట్ సౌండు తగ్గించండి, లేకపోతే కూత వస్తుంది. బయట ఉన్న ఆఫీసరు విన్నదాన్ని తిరిగి చెప్పాలి. 'సరే' అంటే విన్నట్టు కాదు. 'ఏడో అంతస్తు, ఇద్దరు, మెట్ల దగ్గర, అవునా?' అంటే విన్నట్టు. అన్నిటికన్నా ముఖ్యం, లోపలికి మనుషులు వెళ్ళాక బయట ఒకరు రేడియో వినడం తప్ప ఇంకే పనీ చేయకూడదు. సిబ్బంది తక్కువ ఉన్న స్టేషన్లలో ఇది కష్టమని నాకు తెలుసు. అయినా హాకెన్‌సాక్ గుర్తుంచుకుని ఆ ఒక్క మనిషిని కేటాయించండి.

(సభలో ఒకరు: "గొంతుకు కట్టుకునే మైకులు ఉన్నాయి కదా, వాటితో సమస్య తీరదా?")

కొంత తీరుతుంది. గొంతు మైకు గానీ, పుర్రె ఎముక మీద ఆనించే మైకు గానీ బయటి చప్పుణ్ణి బాగా తగ్గిస్తాయి. కానీ ఎముక గుండా, కండ గుండా హల్లులు బాగా రావు. అలారం పోతుంది, 'స'కారం కూడా పోతుంది. మాస్కు లోపలే మైకు పెట్టి బ్లూటూత్‌తో రేడియోకు కలిపే పద్ధతి ఇప్పుడు బాగా వస్తోంది, దాని మీద నాకు ఆశ ఉంది. అందులోనూ ఊపిరి చప్పుడు లోపలే ఉంటుంది, దాన్ని తీసేయాలి. ఇంకో బ్యాటరీ చూసుకోవాలి. హడావుడిలో ఒకరి మాస్కు ఇంకొకరి రేడియోకు కలవకుండా చూడాలి. ఏది కొన్నా మళ్ళీ అదే మాట, పరీక్షించి కొనండి.

(సభలో ఒకరు: "ఆ పరీక్ష మన స్టేషన్‌లో చేయాలంటే ఖర్చెంత అవుతుంది?")

దాదాపు ఏమీ కాదు. బౌల్డర్‌లో వాడిన పరీక్షలో యాభై వరసలు, వరసకు ఆరు పదాలు ఉంటాయి, అన్నీ ఇంగ్లీషు పదాలు. మనకు తెలుగులో కావాలి. ఇక్కడి విద్యార్థులు, ఫైర్ సిబ్బందితో కూర్చుని, వాళ్ళు నిజంగా వాడే మాటలతోనే ఆ వరసలు తయారుచేయాలి. మూడో, ఏడో. ఫిఫ్త్, సిక్స్త్. పైకి, పక్కకి. నీళ్ళు ఇవ్వు, నీళ్ళు ఆపు. ఇద్దరు ఉన్నారు, ఇద్దరు లేరు. హైదరాబాద్‌లో అయితే ఉర్దూ, హిందీ మాటలు కూడా కలపాలి, ఎందుకంటే అక్కడ సిబ్బంది మాట్లాడేది అలాగే. ఒకరు మాస్కు వేసుకుని చదవాలి, పక్కన పాస్ అలారం మోగించాలి, రెండు గదుల అవతల పదిమంది విన్నది కాగితం మీద టిక్కు పెట్టాలి. సెట్ మార్చి మళ్ళీ చేయాలి. ఒక మధ్యాహ్నం పని. విద్యార్థుల్లో ముందుకొచ్చేవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి. మొదటి వంద పదాలు ఈ వారంలోనే రాద్దాం. స్టేషన్ ఆఫీసరు గారు ఒక బీఏ సెట్, రెండు రకాల వాకీటాకీలు ఇస్తామని ఇప్పుడే చెప్పారు.